తొండల ఎల్లడు

మర్రిగూడకు దక్షిణాన ఉన్న ఎర్రగట్టుపల్లెలో ఎల్లస్వామి ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేకపోయేవారు. తొండల ఎల్లడి ఇల్లెక్కడంటే చిన్నపిల్లలు కూడా చెయ్యెత్తి చూపించేవారు. చూపించి, పక్కకు తిరిగి ఉమ్మేసేవారు.

ఆ పేరు అతనికి పుట్టుకతో వచ్చింది కాదు. అతని తాత, తండ్రి దొరగారి రాళ్లచెల్కకు కావలివాళ్లు. ఊరికి పడమరన గుట్ట కింద పరుచుకున్న ఎర్రనేల అది. మట్టికంటే రాళ్లే ఎక్కువ. వానలు పడితే జొన్న, ఆముదం వేసేవారు. కావలి కాయడం ఆ ఇంటివాళ్ల వంతుకు వచ్చిన వెట్టి. మీసాలు రాకముందే ఎల్లస్వామి మంచె ఎక్కాడు. పిట్టలను తోలడం, పశువులను మళ్లించడం, మిగతా పొద్దంతా ఊరికే కూర్చోవడం. చూడటానికి అక్కడ ఆకాశం, రాళ్లు, తొండలు తప్ప మరేమీ లేవు. ఇరవై ఏళ్లపాటు అతను ఆ తొండలను చూశాడు.

అవి కంచెల మీద కూర్చుని తలలూపే పెద్ద తొండలు కావు. చెట్టెక్కని, నేల విడవని చిన్న జాతి. తోకతో కలిపి జానెడు ఉంటాయి. మట్టిరంగు ఒళ్లు, వీపు పొడవునా ముదురు మచ్చలు. కదలకుండా ఉంటే కాలు మోపేదాకా కనబడవు. ఎండాకాలం వచ్చిందంటే మాత్రం మగవాటికి ఒళ్లు తెలియదు. ఒక్కొక్కటి ఒక్కొక్క రాయిని సొంతం చేసుకుంటుంది. దాని మీదికెక్కి గొంతు కింద మడిచి ఉన్న తిత్తిని విసనకర్రలా విప్పుతుంది. నీలం, నలుపు, ఆ వెనక ఎరుపు. విప్పుతుంది, మూస్తుంది, మళ్లీ విప్పుతుంది. ఇంకో మగది ఆ చుట్టుపక్కలకు వస్తే చాలు, వెనక కాళ్ల మీద లేచి మనిషిలా పరుగెత్తి దాని మీద పడుతుంది. రెండూ దవడలు కరుచుకుని దుమ్ములో పొర్లుతాయి. చలికాలంలో ఈ పౌరుషమేదీ ఉండదు. పొద్దు బారెడెక్కేదాకా రాళ్ల కింద కొయ్యబారి పడి ఉంటాయి. చేత్తో తీసి జేబులో వేసుకున్నా కదలవు. ఎండ తగిలితేనే వాటికి ప్రాణం లేచొస్తుంది.

ఈ సంగతులు ఊళ్లో ఇంకెవరూ పట్టించుకోలేదు. పట్టించుకోవలసిన అవసరం పందొమ్మిది వందల నలభై ఆరు పుష్యమాసంలో వచ్చింది.

ఒకనాటి సాయంత్రం గడి జమేదారు పర్వతాలు చెల్కలోకి వచ్చాడు. దొర కోటను గడి అనేవారు; దాని కాపలా మనుషులందరికీ అతను పెద్ద. వెట్టికి పిలిచేదీ, రానివాళ్లను కట్టెతో ఈడ్చుకొచ్చేదీ అతనే.

"ఎల్లిగా, రేపు పొద్దుగాల ఆరు తొండలు కావాలె. పాణంతోని ఉండాలె."

"తొండలెందుకయ్యా?"

పర్వతాలు చేతిలోని కట్టెను నేలకు తాటించాడు. "దొరకు కీళ్లు గుంజుతున్నయి. హకీం సాబు తొండల నూనె జెప్పిండు. ఎందుకని అడిగెటంత మొనగానివైనవా?"

ఎల్లస్వామి నమ్మాడు. ఆ ఊళ్లో నమ్మనివాళ్లు ఉండరు. ఊరి బావి నీళ్లు తాగినవాళ్లకు నలభై దాటకముందే మోకాళ్లు బిగుసుకుపోయేవి, వీపులు వంగిపోయేవి. అతని అత్త నాలుగేళ్లుగా పాకుతూ తిరుగుతోంది. దొరకు మాత్రం ఎందుకు రాకూడదు అనుకున్నాడు.

తెల్లారకముందే పోయి రాళ్లు తిరగేశాడు. ఆరు అడిగితే తొమ్మిది దొరికాయి. ముంతలో వేసి మూతికి గుడ్డకట్టి గడికి పట్టుకుపోయాడు. పర్వతాలు ముంతను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు.

"అయ్యా," అన్నాడు ఎల్లస్వామి చేతులు కట్టుకుని, "నూనె మిగిల్తే జరంత మా అత్తకు ఇప్పియ్యుండ్రి. మోకాళ్లు లేస్తలేవు."

పర్వతాలు పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. "ఫికర్ జెయ్యకు. మీ ఇంటోళ్లకు అందుతది తియ్."

ఆ మాట ఎల్లస్వామి ఇంటికొచ్చి భార్య బిక్షమ్మకు సంతోషంగా చెప్పాడు.

బిక్షమ్మ చెల్లెలు సుక్కమ్మను కూడా ఆ పల్లెలోనే ఇచ్చారు. నాలుగిళ్ల అవతల ఉంటుంది. మొగుడు సైదులు గడి బండి తోలుకుని నల్లగొండ పోయి వారమైంది. ఒళ్లో నాలుగు నెలల ఆడపిల్ల. ఆ రోజుల్లో దొర ఆముదం చేలల్లో కాయ తెంపడానికి పల్లె ఆడవాళ్లందరినీ తోలేవారు. సుక్కమ్మ కూడా వెళ్లింది. పర్వతాలు తొండలు అడగడానికి వచ్చిన నాటి మధ్యాహ్నం రొమ్ములు సలిపి ఇంటికొచ్చి పిల్లను ఒళ్లో వేసుకుంది. వెనకే పర్వతాలు వచ్చి వాకిట్లో నిలబడి లెమ్మన్నాడు. "పిల్ల పాలు తాగినంక వస్త," అంది ఆమె. తలెత్తకుండా అంది. అదే నేరమైంది.

మూడోనాడు పొద్దుగూకే వేళ ఎల్లస్వామి చెల్క నుంచి ఇంటికొచ్చేసరికి పొయ్యి రాజుకోలేదు. బిక్షమ్మ గడపలో కూర్చుని ఉంది.

"ఎన్ని ఇచ్చినవ్?" అంది.

"ఏంటియి?"

"తొండలు."

"తొమ్మిది."

ఆమె లేచి అతని ఎదురుగా నిలబడింది. "మా సుక్కకు సిపాయి లాగు తొడిగిచ్చిండ్రు. నడుముకాడ, కాళ్లకాడ తాళ్లు బిగిచ్చిండ్రు. లోపట నీ తొండలను ఇడిచి, గడి ముంగట ఎండల నిలవెట్టిండ్రు. అందరు చూస్తుండంగ. పొద్దు ఎక్కిన కొద్ది అవి లేచినయట."

ఎండకు అవి ఎలా లేస్తాయో ఆ ఊళ్లో అందరికంటే బాగా ఎల్లస్వామికే తెలుసు. కాళ్లు ఎలా ఆడిస్తాయో, దారి దొరక్కపోతే ఎలా గీరుతాయో, ఒకదానికొకటి తగిలితే ఎలా కరుచుకుంటాయో అన్నీ తెలుసు.  అతను గుమ్మం నుంచే తిరిగి సుక్కమ్మ ఇంటికి నడిచాడు.

ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పిల్ల ఎవరి ఒళ్లోనో ఏడుస్తోంది.

"సుక్కా," అన్నాడు గడప బయటి నుంచే.

ఆమె ఇటు తిరగలేదు. "ఆరు అడిగితె తొమ్మిది ఇచ్చినవట."

"నాకు ఎరుక లేదు సుక్కా. మందుకని జెప్పిండ్రు."

"మందుకే. పెట్టిండ్రు గద నాకు మందు." గొంతు గీరుకుపోయినట్టుంది. "నిన్ను బావా అని పిలిచిన నోరు ఇది. పో. మల్ల నా వాకిట్ల నిలవడకు."

భయానికో, జ్వరానికో ఆమెకు పాలు ఎండిపోయాయి. పల్లెలో పాలున్న ఆడవాళ్లు వంతులు వేసుకుని ఆ పిల్లను బతికించారు. వాళ్లే ఎల్లస్వామికి ఆ పేరు పెట్టారు. అతను వీధిలో వస్తుంటే చాటలు, గంపలు లోపలికి తీసుకుపోయి తలుపులు వేసుకునేవారు. బావి దగ్గర బిక్షమ్మ కుండ దింపితే మిగతావాళ్లు తమ కుండలను దూరం జరుపుకునేవారు. నిప్పు కావాలని అడిగితే ఏ ఇంట్లోనూ నిప్పు ఉండేది కాదు. బిక్షమ్మ మొగుణ్ని వదలలేదు. కానీ గిన్నెలో సంకటి వేసి అతని ముందు పెట్టేటప్పుడు కిందికి తోసినట్టు పెట్టేది.

మాఘంలో పర్వతాలు మళ్లీ వచ్చాడు. ఈసారి ఎవరికోసమో చెప్పలేదు. ఎల్లస్వామి అడగలేదు.

"దొరుకుతలేవయ్యా," అన్నాడు. "చలికి భూమి లోపటికి పోయినయి. ఎండలు ముదిరినంకనే వస్తయి."

పర్వతాలు నమ్మక ఇద్దరు మనుషులను తెచ్చి వెతికించాడు. వాళ్లు తీరిగ్గా మిట్టమధ్యాహ్నం వచ్చారు. అప్పటికి ఒళ్లు కాగిన తొండలు వాళ్ల చెప్పుల చప్పుడుకే పొదలు పట్టాయి. పదిహేను రాళ్లు తిరగేసేసరికి తేలు కుట్టి ఒకడు చతికిలబడ్డాడు. అంతటితో వాళ్లు వెనుదిరిగారు. అబద్ధం నిలిచింది.

కానీ అది ఎన్నాళ్లో నిలవదని ఎల్లస్వామికి తెలుసు. చైత్రం వచ్చిందంటే ప్రతి రాయి మీదా ఒక మగ తొండ ఎక్కి కూర్చుని, ఇక్కడున్నాను చూడమన్నట్టు నీలం తిత్తి విప్పుతుంది. బండి బాటన పోయే గుడ్డివాడికి కూడా కనబడుతుంది. వాటిని దాచడం ఎవరి తరమూ కాదు.

చైత్రంలో మొదటి తిత్తి విప్పిన నాడు అతను వడిసెలలో రాయి పెట్టాడు. పిట్టలను తోలడానికి వాడే తాటినార వడిసెల అది. ఇరవై ఏళ్లలో దాంతో అతను పిట్టను కూడా చంపలేదు, బెదిరించి వదిలేసేవాడు. ఆ రాయి తొండ నడుము మీద తగిలింది. తిత్తి ఇంకా సగం విప్పుకునే ఉండగా అది రాయి మీద నుంచి దొర్లిపడింది.

"మీ మూలంగనే," అన్నాడు ఎల్లస్వామి పళ్లు కొరుకుతూ. మొదటి వారమంతా ఆ కోపంతోనే కొట్టాడు. ప్రతి రాయి మీదా పర్వతాలు నవ్వుతూ కూర్చున్నట్టు కనబడేది. తర్వాత ఆ కోపం కూడా పోయింది. పొద్దున్నే వచ్చి, ఏ రాయి మీద ఏది ఉంటుందో తెలుసు కనుక వరుసగా కొట్టుకుంటూ పోయేవాడు. ఒకటి చచ్చిన రాయిని రెండు రోజుల్లో ఇంకోటి వచ్చి పట్టుకునేది. దాన్నీ కొట్టేవాడు. చచ్చినవాటిని గుట్ట పక్కన గుంతలో పారేసేవాడు. చీమలు బారులు కట్టేవి.

వైశాఖం వెళ్లేసరికి రాళ్లన్నీ ఖాళీ అయ్యాయి. మిగిలినవి ఆడవి. అవి రాళ్లెక్కవు, గొంతు కింద ఏమీ ఉండదు, పొదల నీడలోంచి బయటికి రావు. మృగశిర కార్తె మొదలై నాలుగు చినుకులు పడి ఎర్రమట్టి మెత్తబడ్డాక ఒక ఆడ తొండ బయటికొచ్చింది. మంచెకు పది అడుగుల దూరంలో ముందుకాళ్లతో గుంత తవ్వడం మొదలుపెట్టింది. అతను కిందికి దిగి కూర్చుని చూశాడు. అది తవ్వి, వెనక్కి తిరిగి గుడ్లు పెట్టి, మట్టి కప్పి, ఆ మట్టిని మూతితో పొడిచి పొడిచి గట్టిచేసింది. చుట్టూ ఇంకో నాలుగు చోట్ల ఊరికే గీరింది. అసలు చోటు ఏదో ఏ పాముకూ తెలియకుండా చేసి, అలసిపోయి ఒక పక్కకు పడుకుంది. మనిషి ఉన్నాడని చూసినా కదల్లేదు.

ఎల్లస్వామి దాని మీద రాయి వేశాడు. గుంత తవ్వి పన్నెండు గుడ్లు తీశాడు. గట్టి పెంకు లేని తెల్లటి గుడ్లు, మెత్తగా ఉన్నాయి. వాటిని మడమ కింద నలిపాడు. నలిపి పక్కకు పోయి వాంతి చేసుకున్నాడు. ఆ నెలలో అలాంటివి ఇంకా చాలా గుంతలు తవ్వాడు.

ఆషాఢంలో పర్వతాలు వచ్చేసరికి చెల్కలో ఒక్క తొండ లేదు. అప్పటికి కట్టంగూరు దిక్కున దొరల మీద రైతుకూలీల సంఘం లేచిందన్న వార్త గడిలోకి చేరింది. ఊళ్లో ఎవరు తలెత్తి చూసినా దొరకు అనుమానంగా ఉంది. పర్వతాలు చెల్క అంతా కలియదిరిగి, చివరికి గుట్ట పక్కన గుంత దగ్గర ఆగాడు. ఎండి వరుగులైన తొండలు వందల్లో ఉన్నాయి.

"ఇవి ఎట్ల సచ్చినయ్?"

"నేనే సంపిన."

"ఎందుకురా?"

ఎల్లస్వామి తల వంచుకునే ఉన్నాడు. కానీ మాట వంకర పోలేదు. "మీకిచ్చుడు ఇష్టం లేక."

అతన్ని గడి ముందర నడుము వంచి నిలబెట్టి వీపున బండ ఎత్తారు. మూడు రోజులు పొద్దున ఎత్తడం, సాయంత్రం దించడం. కుడి భుజం జారిపోయింది. ఆఖరునాడు, మళ్లీ వడిసెల తిప్పకుండా, కుడిచేతి మూడు వేళ్లు రోకలితో చితగ్గొట్టారు. బిక్షమ్మ, ఇంకో ఇద్దరు కలిసి మంచం మీద మోసుకొచ్చారు. ఆ ఇద్దరు మగవాళ్లు ఆరు నెలల తర్వాత అతని ఇంటి గడప తొక్కడం అదే మొదలు.

బిక్షమ్మ ఆశగా చెల్లెలి దగ్గరికి పోయింది. "నీ గురించే సుక్కా. నీ గురించే గంత పని జేసిండు," అంది.

సుక్కమ్మ పిల్లకు తల దువ్వుతోంది. "ముందుగాల తెచ్చిచ్చుడు, ఎనుక సంపుడు. రెండూ ఆయన ఇష్టంగనె జేసిండు. నా గురించి జేసిన అని ఎక్కడ అనొద్దని జెప్పు."

ఇంకో సంగతి కూడా ఆమెకు తెలుసు. ఎల్లస్వామి ఖాళీ చేసింది ఒక్క రాళ్లచెల్కనే. ఆ వారమే దొర పక్క ఊరి గుట్ట మీది నుంచి తొండలు తెప్పించుకున్నాడు.

ఏడాదిన్నర గడిచింది. సంఘం ఎర్రగట్టుపల్లెకూ వచ్చింది. సైదులు అందరికంటే ముందు దాంట్లో చేరాడు. దొర కుటుంబంతో పట్నం వెళ్లిపోయాడు, పర్వతాలు వాళ్లతోనే పోయాడు. మాఘమాసంలో హుజూర్‌నగర్ దిక్కు నుంచి గుర్వయ్య అనే సంఘం మనిషి వచ్చి గడి కల్లంలో ఊరందరినీ కూర్చోబెట్టాడు. గడికి ఎవరెవరు ఏం చేశారో చెప్పమన్నాడు. పేర్లు బయటికొచ్చాయి. ఎవరూ తన పేరు ఎత్తకముందే ఎల్లస్వామి లేచాడు.

"తొండలు నేనిచ్చిన. తొమ్మిది. ఎందుకని గట్టిగ అడగలె."

"లాగుల తొండలు ఇడువుండ్రి ఆయనకు గూడ!" వెనక నుంచి ఎవరో కేక వేశారు. ఇంకో పదిమంది అందుకున్నారు. గుర్వయ్య చెయ్యెత్తి ఆపి సుక్కమ్మ వైపు తిరిగాడు. "నువ్వు జెప్పక్కా. నీ మాటే మా మాట."

ఆమె కూర్చున్నచోటి నుంచి లేవలేదు. "ఆయనను కొట్టుకుంట కూసుంటె పర్వతాలును ఎవలు పట్టుకుంటరు? పట్నంల సల్లగున్నడు వాడు." పిల్లను ఒళ్లోకి లాక్కుంది. "నాకైతె ఈయనతోని మాట లేదు. సచ్చేదాక ఉండది. మీరు మాట్లాడుకుంటరో మానుకుంటరో మీ ఇష్టం."

ఎల్లస్వామి ఒంటిమీద ఎవరూ చెయ్యి వేయలేదు. కానీ ఆ కల్లంలో ఆమె అతని వైపు కన్నెత్తయినా చూడకుండా అన్న ఆ మాట బండకంటే బరువుగా వీపున కూర్చుంది.

నెల తిరక్కముందే దొర మడులు, బంజర్లు పంచారు. చీటీలు తీస్తే రాళ్లచెల్కలో రెండెకరాలు ఎల్లస్వామికి, దాన్ని ఆనుకుని రెండెకరాలు సైదులుకూ వచ్చాయి. సుక్కమ్మ గుర్వయ్య దగ్గరికి వెళ్లి మార్చమంది.

"చీటీలు తీసినంక మార్చుడు ఉండదక్కా. అందరు గట్లనే అడుగుతరు."

"అయితె నడుమ గోడ పెట్టుకుంట," అంది.

అన్నట్టే పెట్టింది. సైదులు సంఘం పనుల మీద ఊళ్లు తిరుగుతుంటే ఆ ఎండాకాలమంతా ఒక్కతే రాళ్లు మోసింది. చేనిలో ఏరిన రాళ్లు చాలక గుట్ట మీది నుంచి తెచ్చింది. ఎల్లస్వామి తన చేనిలో రాళ్లను ఎడమచేత్తో ఏరి, ఆమెకు అందేలా హద్దు పక్కనే కుప్పలు పోశాడు. ఆమె వాటిలో ఒక్క రాయి తీసుకోలేదు. వాటి పక్క నుంచే నడిచిపోయి గుట్టెక్కి, వంగిన వీపుతో ఇంకో రాయి తెచ్చేది. గోడ నడుమెత్తు లేచింది.

ఆ వైశాఖంలో గుట్ట దిక్కు నుంచి తొండలు మళ్లీ చెల్కలోకి దిగాయి. ఒకనాడు పొద్దున సుక్కమ్మ నెత్తిమీది రాయి దించబోతుంటే, ఎదురుగా గోడ మీద ఒకటి నీలం తిత్తి విప్పింది. రాయి ఆమె చేతుల్లోంచి జారింది. నేల మీద కూలబడింది. రెండు చేతులతో చీరను కాళ్ల చుట్టూ బిగించి పట్టుకుంది.

గోడకు ఇవతల గడ్డపార పట్టుకుని ఉన్న ఎల్లస్వామి రెండడుగులు ముందుకేసి ఆగిపోయాడు. "అది ఏమనది సుక్కా. కదిల్తె అదే పోతది."

అతని గొంతు వినబడగానే ఆమె ఆ పట్టు వదిలింది. లేచి, చేతికందిన రాయి తీసుకుని విసిరింది. తగల్లేదు. రెండోది తగిలింది. గిలగిలా కొట్టుకుంటున్నదాన్ని దగ్గరికి పోయి మూడో రాయితో నలిపింది. తోక పట్టుకుని ఎత్తి, గోడ మీదుగా అతని కాళ్ల దగ్గరికి విసిరేసింది.

"నీదే. నువ్వే ఉంచుకో."

రెండేళ్లలో ఆమె అతనితో అన్న మాట అదొక్కటే. ఎల్లస్వామి దాన్ని తీసుకుపోయి దూరంగా చీమల పుట్ట మీద వేసి వచ్చి, మళ్లీ గడ్డపార అందుకున్నాడు.

ఆ ఏడు వానలు బాగానే పడ్డాయి. భాద్రపదంలో నల్లగొండ సడకు మీద యూనియన్ ఫౌజు లారీలు పోయాయి. నిజాం రాజ్యం పోయిందన్నారు. కార్తీకం వచ్చేసరికి దొర తిరిగొచ్చి గడి తలుపులు బాగు చేయించుకున్నాడు. చెరువు కింది మడులన్నీ వెనక్కి లాక్కున్నాడు. సైదులు అడవి పట్టిపోయాడు. రాళ్లచెల్క జోలికి మాత్రం ఎవరూ రాలేదు. ఆ రాళ్లు ఎవరికీ అక్కర్లేదు.

జొన్న కోతలప్పుడు పర్వతాలు వచ్చాడు. నెత్తిన కొత్త సర్కారు వాళ్ల తెల్ల టోపీ ఉంది. చేతిలో మాత్రం పాత కట్టే. అతను ఎల్లస్వామి చేని గట్టు మీద నిలబడి చుట్టూ చూశాడు.

"ఏం ఎల్లిగా, పట్టేదారువైనవా? బాగున్నవా?"

 ఎల్లస్వామి ఎడమచేత్తో కొడవలి పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. గోడకు అవతల జొన్న వరుసల్లోంచి సుక్కమ్మ కూడా లేచి నిలబడింది. ఆమె చేతిలోనూ కొడవలే. పర్వతాలు ఆమెను చూశాడు. గుర్తుపట్టాడు. మొహం మీది నవ్వు అలాగే ఉంది కానీ కట్టె ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారింది. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు, ఎవరూ చూపు దించలేదు.

"సరే, సరే. కోసుకోండ్రి," అని పర్వతాలు గట్టు దిగి వెళ్లిపోయాడు.

అతను బాట మలుపు తిరిగాక ఎల్లస్వామి ఇటు తిరిగి గోడ వైపు చూశాడు. సుక్కమ్మ అతన్ని చూడలేదు. గోడలో వదులైన రాయి ఒకటి కనబడితే దాన్ని అరచేత్తో కొట్టి లోపలికి బిగించింది. చీర కొంగు నడుముకు చుట్టుకుని మళ్లీ కోతకు వంగింది.